43 అడుగుల ప్రభుత్వం

భద్రాచలంలో రాముడి తర్వాత జనం ఎక్కువగా దర్శనం చేసుకునేది ఒక కొలబద్దని. గోదావరి ఒడ్డున, నీటిమట్టం చూడడానికి కేంద్ర జల సంఘం వాళ్ళు పెట్టింది. దానికి అర్చన లేదు, హారతి లేదు, స్పెషల్ దర్శనం టికెట్టు అసలే లేదు. అయినా జూలై వస్తే చాలు, గుడి మెట్లెక్కని నాస్తికులు కూడా రెండు పూటలా కరకట్ట ఎక్కి దాని ముఖం చూసి వస్తారు. 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది. 53 అయితే మూడోది. మా పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఈ మూడంకెలు వస్తాయి. వేరే ఊళ్ళలో పొద్దున్నే ఎదురుపడితే 'టిఫినయిందా' అని అడుగుతారు. ఇక్కడ వానాకాలమంతా 'ఎంతయింది?' అంటారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మాస్టారు వాచీ చూసుకుని టైము చెబుతాడు. అడిగినవాళ్ళు జాలిగా ఓ చూపు చూసి ముందుకు పోతారు.

కరకట్ట మీద టీబండి దగ్గర ఓ అరగంట నిలబడితే జలవనరుల శాఖలో ఇంజనీరు ఉద్యోగానికి కావాల్సిన పరిజ్ఞానమంతా వచ్చేస్తుంది.

"ఎంతుందంట బాబాయ్?"

"నలభై ఒకటీ పాయింటు ఆరు. పేరూరు కాడ ఇంకా పెరుగుతుందంట. రాత్రికి మొదటిది ఎక్కుద్ది."

"మేడిగడ్డ బ్యారేజి కాడ?"

"అక్కడ గేట్లు ఎత్తే ఉన్నాయి కదరా, ఇంకా ఎత్తడానికేముంది?"

"ఇంద్రావతి?"

"అదే తెలవట్లా. అది తగ్గితే మనకి నలభై ఐదు కాడ ఆగుద్ది. లేకపోతే నువ్వు ఫ్రిజ్జు మంచమెక్కించుకో."

బాబాయి చదివింది ఏడో తరగతి. గోదావరికి ఎగువన ఏ వాగు ఎక్కడ కలుస్తుందో, పేరూరులో పెరిగిన అడుగు ఇక్కడికి ఎప్పుడు చేరుతుందో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. కంట్రోలు రూముకు ఫోన్ చేస్తే వాళ్ళు 'లైన్లో ఉండండి సార్' అంటారు. బాబాయి ఉండమనడు. టీ డబ్బులు మాత్రం మనం ఇవ్వాలి.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో ప్రభుత్వం ఉందా లేదా అన్నది కూడా ఆ బద్దే చెబుతుంది. 42.9 అడుగుల దగ్గర ప్రభుత్వం లేదు. 43 కాగానే పుడుతుంది. వెంటనే ఒక కంట్రోలు రూమూ, దానికొక నంబరూ, ప్రతి వార్డుకూ ఒక ప్రత్యేకాధికారీ, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని ఆటోలో మైకూ తయారవుతాయి. 48 దగ్గర మంత్రిగారొస్తారు. ఆయన కరకట్ట మీద నిలబడి నది వైపు వేలు చూపిస్తారు, పక్కనున్న పది మంది అధికారులూ ఆ వేలు చూపించిన వైపు చూస్తారు. అక్కడ ఉన్నది గోదావరే. ఫోటో అయ్యాక వేలు దించుతారు. 53 దాటితే హెలికాప్టర్ శబ్దం వినిపిస్తుంది. అంతకంటే పైకి పోతే ఢిల్లీ బృందం. ఆ బృందం ఎప్పుడూ నీళ్ళు పోయాకే వస్తుంది, ఎండిన బురద మీద బూట్లు పాడవకుండా. నష్టం అంచనా వేయడానికి నష్టం కనపడకూడదని ఎక్కడైనా రూలుందేమో.

మళ్ళీ తగ్గుముఖం పట్టి 43 కిందికి వచ్చిన రోజున హెచ్చరిక ఉపసంహరించుకుంటారు. ప్రభుత్వాన్ని కూడా. ఇంట్లో మోకాలెత్తు ఒండ్రుమట్టి ఎవరు తియ్యాలన్నది బద్ద మీద రాయలేదు కాబట్టి అది ఏ శాఖ కిందకీ రాదు.

టీవీ వాళ్ళ సంగతి వేరు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు నడుం లోతు నీళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుని దిగి, గొంతు పెంచి, ఊరు మొత్తం మునిగిపోయిందని చెబుతుంటాడు. వెనకాల ఒకావిడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పాదాలు తడవకుండా నడిచి వస్తుంది. "కాస్త పక్కకు జరుగు నాయనా, నువ్వు నిలబడ్డది మా మురుగు గుంట" అంటుంది. అదీ లైవులో పోతుంది.

వరద రోజుల్లో మా ఊరి సంఘ వ్యవస్థ కూడా మారుతుంది. కులం కంటే మేడ గొప్పది. పై అంతస్తు ఉన్నవాడికి జూలైలో చుట్టాలు పెరుగుతారు. ఏడాదంతా గోడ దగ్గర హద్దు తగాదా పడ్డ పిన్నిగారు, 47 అడుగుల రాత్రి బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని మేడమెట్లెక్కుతూ "ఏమ్మా, కోడలు నెల తప్పిందటగా" అని పలకరిస్తుంది. కింది ఇళ్ళలో వస్తువులు ఎక్కే వరుస కూడా తరాలుగా స్థిరపడి ఉంది. ముందు మంచం కాళ్ళ కింద ఇటుకలు. మంచం మీద ఫ్రిజ్జు. ఫ్రిజ్జు మీద బియ్యం. బియ్యం మీద టీవీ. టీవీ మీద ప్లాస్టిక్ కవర్లో ఆధార్, రేషన్ కార్డు, పట్టా అని మనం అనుకుంటున్న కాగితం. దేవుడి పటాలు ఎలాగూ పైనే ఉంటాయి.

మా పెద్దమ్మగారింట్లో ఒక గోడ ఉంది. దాని మీద పిల్లల ఎత్తు గీతలూ, గోదావరి గీతలూ పక్కపక్కనే ఉంటాయి, తారీకులతో సహా. పిల్లలు అయిదడుగుల ఏడంగుళాల దగ్గర ఆగిపోయారు. గోదావరే ఇంకా ఎదిగే వయసులో ఉంది.

పెద్ద లెక్కలు చెప్పాలంటే 1986 ఆగస్టులో 75.6 అడుగులు. అది మా ఊరి రికార్డు. మా ఊళ్ళో వయసు కూడా దాన్ని బట్టే చెప్పుకుంటారు, ఎనభై ఆరుకు ముందు పుట్టినవాళ్ళు, తర్వాత పుట్టినవాళ్ళు అని. 1990లో 70.8. ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళు డెబ్భై దాటలేదు. ఇంక దాటదనుకుని అందరూ ఇళ్ళు కట్టుకున్నారు. 2022 జూలై 16న 71.3 అడుగులొచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మర్నాడు ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చారు. వరద ఎందుకొచ్చిందో ఆయన విడమరిచి చెప్పారు. ఎంతవరకు నిజమో తెలియదంటూనే, క్లౌడ్ బరస్టుల వెనక ఇతర దేశాల కుట్ర ఉందంటున్నారని అన్నారు. లడఖ్‌లో చేశారట, ఉత్తరాఖండ్‌లో చేశారట, ఇప్పుడు గోదావరి మీద చేస్తున్నారట. కరకట్ట మీద బాబాయి ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఇన్నేళ్ళుగా పేరూరుని, ఇంద్రావతిని అనుమానిస్తూ వచ్చాడు. విదేశాలని ఎప్పుడూ అనుమానించలేదు. చివరికి "ఏ దేశమంట?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. "పోన్లే, పగబట్టేటంత గొప్పోళ్ళమైతే అయ్యాం" అన్నాడు.

అదే పర్యటనలో ముంపు సమస్య శాశ్వతంగా తీర్చడానికి వెయ్యి కోట్లు ప్రకటించారు. మెరక మీద కాలనీలు కడతామన్నారు. ఆ వెయ్యి కోట్లు పేరూరు దాటినట్టు బాబాయికి సమాచారం లేదు.

ఇక్కడ ఒక పరాయి ఊరి సంగతి చెప్పాలి. జపాన్‌లో, ఇవాతే రాష్ట్రం సముద్ర తీరాన అనెయోషి అని ఓ చిన్న పల్లె. 1933లో సునామీ వచ్చి ఊరిని తుడిచేశాక, బతికినవాళ్ళు కొండ మీద ఓ రాయి పాతి, ఈ రాయికి దిగువన ఇళ్ళు కట్టవద్దని చెక్కారు. అంతే. ఎవరూ కట్టలేదు. 2011లో అంతకంటే పెద్ద సునామీ వచ్చింది. నీళ్ళు ఆ రాయి దాకా రాకుండానే వెనక్కి మళ్ళాయి, ఇళ్ళు నిలిచాయి. ఆ దేశపు తీరం ఊళ్ళలో సాయంత్రం పూట మైకుల్లో పిల్లల పాట వేస్తారట. పాట మీద ప్రేమతో కాదు. మైకు పనిచేస్తుందో లేదో రోజూ చూసుకోవడానికి, నిజంగా అల వచ్చిన రోజున గొంతు పోకుండా.

మేమూ తక్కువేం కాదు. రాయి మాకూ ఉంది. 1986 నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఊరందరికీ తెలుసు. ఆ గుర్తుకి దిగువన మేం ఏం చేశామంటే, ముందు గుడిసెలు వేశాం. గుడిసెలకు కరెంటు ఇచ్చారు. కరెంటుకి బిల్లొచ్చింది. బిల్లుంది కాబట్టి ఇంటి నంబరు వేశారు. నంబరుంది కాబట్టి ఓటొచ్చింది. ఓటొచ్చింది కాబట్టి సిమెంటు రోడ్డు, వీధిలైటు, కొళాయి వచ్చాయి. అన్నీ వచ్చాక కాలనీ అని బోర్డు పెట్టి నాయకుడి పేరు పెట్టారు. జపాన్ వాళ్ళది నాలుగు మాటలు చెక్కిన రాయి. మాది ఇన్ని శాఖల అనుమతులతో నడిచిన అభివృద్ధి. చివరికి ఆ కాలనీ మునిగిన రోజున "అక్కడ ఎవరు కట్టుకోమన్నారు?" అని అడిగేదీ ఆ శాఖలే. మైకు సంగతి అడగొద్దు. ఎండాకాలమంతా షెడ్డులో ఉన్న మైకు 43 అడుగుల రాత్రి తీస్తే 'ప్రజలకు విజ్ఞ' అని ఆగిపోతుంది.

1986 తర్వాత ఊరి చుట్టూ కరకట్ట కట్టారు. మంచి పనే. కాకపోతే కట్ట కట్టాక మా ఊరికి వరదలు రెండయ్యాయి. బయటది గోదావరిది. లోపలిది మా సొంతం. నది పెరగగానే కట్టలోని స్లూయిస్ తలుపులు మూసేస్తారు, నీళ్ళు ఊళ్ళోకి తన్నకుండా. మూసేశాక ఊళ్ళో కురిసిన వానా, మురుక్కాలవల నీళ్ళూ బయటికి పోవడానికి దారి ఉండదు. అప్పుడు మోటార్లు పెట్టి ఊరి మురుగుని కట్ట దాటించి నదిలో పోస్తారు. మోటారుకు డీజిలు కావాలి. డీజిలుకు సంతకం కావాలి. సంతకానికి సారు కావాలి. సారు సమీక్షలో ఉంటాడు. సమీక్ష వరద గురించే. ఈలోగా రామాలయం చుట్టుపక్కల నీళ్ళు చేరి, అన్నదాన సత్రం ముందు భక్తులు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడతారు. ఒక్కోసారి నది బద్ద మీద బుద్ధిగానే ఉంటుంది, ఒక గట్టి వాన చాలు గుడి కింద దుకాణాలు తేలడానికి. అడుగు లెక్క దాటలేదు కాబట్టి దాన్ని వరద అనడానికి వీల్లేదు. నీళ్ళు నిలిచినవని మాత్రమే రాస్తారు.

ఊరి ఎల్లల కథ ఇంతకంటే వినోదం. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. పుట్టిన ఇంట్లోనే ఉంటున్నారు, అరుగు కూడా మారలేదు. 1950లో పుట్టినప్పుడు అది మద్రాసు రాష్ట్రం. మూడో ఏట ఆంధ్ర రాష్ట్రం. ఆరో ఏట ఆంధ్రప్రదేశ్. తొమ్మిదో ఏట తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లా. అరవై నాలుగో ఏట తెలంగాణ. అరవై ఆరో ఏట భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. వాళ్ళ తాత ముత్తాతలదీ ఇదే వరస. 1860లో నిజాం ఈ ఒడ్డుని ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు, వాళ్ళు మధ్య పరగణాల్లో కలిపారు, 1874లో మద్రాసు వైపు తోశారు. దేశాలు తిరిగిన వాళ్ళని చూశాం గానీ, అరుగు మీద కూర్చుని ఇన్ని ప్రభుత్వాలు తిరిగిన వంశాన్ని ఇక్కడే చూస్తాం. ఆయన్ని మీది ఏ ఊరండీ అంటే చెబుతారు. ఏ రాష్ట్రమండీ అంటే "ఇవ్వాళ్టికా?" అంటారు.

2014లో జరిగింది మాత్రం నవ్వుకోవడానికి కాస్త కష్టపడాలి. పోలవరం ప్రాజెక్టు కోసం కొత్త కేంద్ర ప్రభుత్వం వచ్చీరాగానే ఆర్డినెన్సు తెచ్చి, ముంపు మండలాలు ఏడింటిని ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చింది. భద్రాచలం పట్టణాన్ని, అంటే గుడి ఉన్న రెవెన్యూ గ్రామాన్ని, తెలంగాణలో ఉంచారు. చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. ఇప్పుడు రాముడు తెలంగాణ వాసి. ఆయన భూమి, పురుషోత్తపట్నంలోని దాదాపు 889 ఎకరాలు, ఆంధ్రలో. ఆ భూమి ఆక్రమించుకునే వాళ్ళని అడగడానికి ఇక్కడి దేవస్థానం వాళ్ళు వెళితే అక్కడ తన్నుకులాట. రాముడి కోసం జటాయువు రెక్కలు తెగి పడిందని చెప్పే ఎటపాక ఆంధ్రలో. సీతమ్మ నారచీర ఆరేసిందని చూపించే పర్ణశాల తెలంగాణలో. భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్ళే బస్సు తెలంగాణలో బయలుదేరి, ఆంధ్రలో కాసేపు నడిచి, మళ్ళీ తెలంగాణలో తేలుతుంది. త్రేతాయుగంలో ఆ దంపతులు కాలినడకన తిరిగారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడైతే బంగారు జింక మొదట ఏ రాష్ట్ర అటవీ శాఖ పరిధిలో కనపడిందో తేలేసరికి రావణుడు లంక చేరేవాడు.

భద్రాచలం ఎమ్మెల్యేగా మూడుసార్లు గెలిచిన సున్నం రాజయ్యగారి సంగతే చూడండి. 2014లో తెలంగాణ శాసనసభకు సీపీఎం తరఫున గెలిచింది ఆయనొక్కరే. గెలిచిన కొద్ది రోజులకే ఆయన సొంతూరు ఉన్న వరరామచంద్రపురం మండలం ఆంధ్రకి పోయింది. ఎమ్మెల్యే ఇక్కడ, ఇల్లు అక్కడ, ఓటేసినవాళ్ళు చాలామంది అక్కడ. 2019లో ఆయన ఆంధ్రలోని రంపచోడవరం నుంచి పోటీ చేశారు. పార్టీ మారలేదు, మాట మారలేదు, ఇల్లు మారలేదు. ఇన్ని మారకుండా రాష్ట్రం మారిన రాజకీయ నాయకుడు దేశంలో ఇంకొకరుంటే చెప్పండి.

అటు పోయినవాళ్ళ గతి చూద్దాం. ఎటపాక నుంచి భద్రాచలం అంగడికి ఆటోలో ఐదు నిమిషాలు. కానీ జిల్లా కలెక్టరును చూడాలంటే మొదట కాకినాడ పోవాల్సొచ్చింది. 2022 ఏప్రిల్‌లో ప్రజలకు పాలన చేరువ చేస్తామని కొత్త జిల్లాలు చేశారు. ఎటపాకకు చేరువైన కలెక్టరాఫీసు పాడేరు! అడవులూ ఘాట్లూ దాటుకుంటూ ఒక పగలు ప్రయాణం. జనం మొత్తుకున్నారు. మొర ఆలకించి 2025 ఆఖరున రంపచోడవరం కేంద్రంగా ఇంకో జిల్లా ఇచ్చారు. పేరు పోలవరం జిల్లా. మునిగేవాళ్ళకు ముంచే ఆనకట్ట పేరు పెట్టడంలో ఒక నిజాయితీ ఉంది, ఒప్పుకోవాలి. చిక్కేమిటంటే పోలవరం మాత్రం ఏలూరు జిల్లాలో ఉంది.

ఆ ముంపు మండలాల్లో కోయవాళ్ళ, కొండరెడ్ల భాషలోకి కొత్త కొలత వచ్చి చేరింది. మేం అడుగుల్లో బతుకుతుంటే వాళ్ళు మీటర్లలో బతుకుతున్నారు. కూనవరం సంతలో ఇప్పపువ్వు అమ్మే ముసలమ్మని అడగండి, "మాది నలభై ఒకటీ పదిహేను కాంటూరు కాదయ్యా, నలభై ఐదూ డెబ్భై రెండు" అని టకీమని చెబుతుంది. 41.15 మీటర్ల కాంటూరు లోపలున్న ఊరికి ముందు డబ్బు, పునరావాసం. దాటి ఉంటే రెండో దశ, అంటే దేవుడెరుగు. 2022 వరదలో ఆ గీతకి అవతలి ఊళ్ళూ మునిగాయి. శబరి, గోదావరి రెండూ కూనవరం దగ్గరే కలుస్తాయి, వాటికి కాంటూరు మ్యాపు ఎవరూ పంపినట్టు లేదు. నీళ్ళొచ్చిన ఇంటివాళ్ళు ఆఫీసుకు పోయి మునిగామని చెబితే, మ్యాపులో మీరు మునగలేదని చెప్పారు. మునిగిన మనిషికంటే మునగని మ్యాపు మాటే చెల్లుబాటు. ఈ నేల వాళ్ళదేనని, గిరిజనేతరులకు చెల్లదని 1970 నాటి భూబదలాయింపు చట్టం కూడా ఉంది. చట్టం చాలా గట్టిది. భద్రాచలంలో దాని మీద అయిదంతస్తులు కట్టినా తట్టుకుంటోంది.

ఇక చెత్త. యాభై వేల జనాభా, ఏటా లక్షల మంది భక్తులు, అయినా మాది గ్రామపంచాయతీ. 2022లో దీన్ని మూడు పంచాయతీలు చేస్తామని ఉత్తర్వు ఇచ్చారు. ఊరు గోల పెట్టింది. ఊరికి ఎన్ని పంచాయతీలుండాలో తేల్చే పనిలో పడి చెత్త ఎక్కడ పొయ్యాలన్నది మరిచిపోయారు. పొయ్యడానికి చోటు లేదు, ఎందుకంటే ఊరి బయట అడుగు పెడితే ఆంధ్రప్రదేశ్. జపాన్‌లోనే కమికత్సు అని ఒక కొండ ఊళ్ళో చెత్తని నలభైకి పైగా రకాలుగా విడదీస్తారు, సీసా మూత వేరు, సీసా వేరు. మాకు రెండు రకాలు చాలు, తెలంగాణ చెత్త, ఆంధ్ర చెత్త. ట్రాక్టరు వాడు తెల్లవారుజామున చెత్త వేసుకుని ఎల్ల దగ్గర నిలబడతాడు. అటువాళ్ళు మీ చెత్త మాకెందుకంటారు. ఇటువాళ్ళు నది ఒడ్డు చూపిస్తారు. చివరికి చెత్త గోదారమ్మ పాలు. రెండు రాష్ట్రాల మధ్య తనిఖీ లేకుండా తిరిగేవి రెండే, పందులూ కోతులూ. మద్యం సీసాలది ఇంకో కథ. 2019 తర్వాత అయిదేళ్ళు అటు దుకాణాల్లో ఎవరూ వినని పేర్లతో సీసాలు అమ్మారు. ఆ కాలంలో విభజన వల్ల లాభపడ్డది ఎవరయ్యా అంటే ఇటు వైన్ షాపులవాళ్ళే. తెలిసిన బ్రాండు కోసం సాయంత్రం ఎల్ల దాటే జనాన్ని చూస్తే రెండు రాష్ట్రాలు కలిసిపోయాయనిపించేది.

2022 వరదప్పుడు ఇటు మంత్రి ఒకరు ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ అయిదు పంచాయతీలూ వెనక్కివ్వమన్నారు. అటు మంత్రులు అలాగైతే మాకూ కొన్ని ఇవ్వండని ఎదురు జాబితా చదివారు. రెండు రోజులు టీవీల్లో మంటలు లేచాయి. నీళ్ళు తగ్గాయి, మంటలూ ఆరాయి. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మంత్రులకు కూడా 43 అడుగుల రూలే వర్తిస్తుందని అప్పుడే అర్థమైంది.

ఎండాకాలంలో ప్రభుత్వం వచ్చేది ఒక్కరోజు, శ్రీరామనవమికి. ఏడాది పొడవునా నీళ్ళు తోడే మోటారు గురించి అడగడానికి మనిషి దొరకడు గానీ, ఆ రోజు మాత్రం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు నెత్తిన పెట్టుకుని మందీమార్బలంతో వస్తుంది. గోల్కొండ తానీషా పెట్టిన సంప్రదాయం అంటారు. కేసీఆర్ మొదట్లో వచ్చారు, తర్వాత చాలా ఏళ్ళు రాలేదు. ఆలయ అభివృద్ధికి ఆయన తొలినాళ్ళలోనే ప్రకటించిన వంద కోట్లు మాత్రం ఏటా నవమికి ఠంచనుగా వచ్చేవి, ప్రసంగాల్లో. ఆంధ్ర ప్రభుత్వం 2015 నుంచి తన అధికారిక కల్యాణం ఒంటిమిట్టకు మార్చుకుంది. అక్కడ రాత్రి పూట చేస్తారు. రాముడికి రెండు ప్రభుత్వాలు, రెండు పెళ్ళిళ్ళు, రెండు ముహూర్తాలు. ఏకపత్నీవ్రతుడు కాబట్టి పెళ్ళికూతురు మాత్రం ఒక్కరే. ఎక్కడికీ కదలలేని భక్తుల కోసం ఆర్టీసీ కార్గో వాళ్ళు తలంబ్రాలు ఇంటికి చేరుస్తున్నారు. 2023లో 116 రూపాయలు, మరుసటేడు 151. ఈ ఊరి నుంచి బయటికి ఇంత క్రమం తప్పకుండా చేరుతున్నది అదొక్కటే. లోపలికి చేరేదాని గురించి అడక్కండి.

నేలకొండపల్లి కంచెర్ల గోపన్న ఇప్పుడుంటే బాగుండేదనిపిస్తుంది. పాల్వంచ తాసిల్దారుగా పనిచేస్తూ, సర్కారు శిస్తు సొమ్ము ఆరు లక్షల వరహాలు పైవాళ్ళ అనుమతి లేకుండా ఖర్చుపెట్టి ఈ గుడి కట్టించాడు. అందుకు గోల్కొండలో పన్నెండేళ్ళు ఖైదు. మా ప్రాంతంలో డబ్బు నిజంగా ఖర్చుపెట్టి, పని నిజంగా పూర్తిచేసి, లెక్క అడిగితే నిజం చెప్పిన రెవెన్యూ అధికారి చరిత్రలో ఆయనొక్కరే. ఆయనకు పట్టిన గతి చూశాక తర్వాతి వాళ్ళు జాగ్రత్తపడ్డారు. వంద కోట్లు, వెయ్యి కోట్లు ప్రకటించి పైసా కదపనివాళ్ళ మీద పెట్టడానికి తానీషా చట్టంలోనూ సెక్షను లేదు, ఇప్పటి చట్టంలోనూ లేదు. ఖర్చుపెడితేనే కదా ఆడిట్. రాముడు లక్ష్మణుడితో వచ్చి గోపన్న బాకీ తీర్చాడని చెబుతారు. ఇప్పుడు వస్తే ముందు నివాస ధ్రువపత్రం అడుగుతారు. ఉన్నది తెలంగాణలో, భూమి ఆంధ్రలో, కాబట్టి రెండు చోట్లా పెండింగు.

వంతెన ముచ్చట ఒక్క మాటలో చెప్పేస్తాను. మొదటి వంతెనను 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించారు. దాని పక్కనే రెండోది 2015లో మొదలైంది. 2024 నవమికి గానీ జనం దాని మీద నడవలేదు. ఈలోగా వచ్చిన వరదలన్నిటికీ గుర్తులు పెట్టుకోవడానికి దాని స్తంభాలు బాగా పనికొచ్చాయి.

ఇక మిగిలింది రైలు. భద్రాచలానికి రైలు లేదు. భద్రాచలం రోడ్ అనే స్టేషను ఉంది. అది కొత్తగూడెంలో ఉంది, ఇక్కడికి నలభై కిలోమీటర్లు. పొద్దున్నే సంచీలు దింపుకుని, బోర్డుకు దండం పెట్టుకుని, "గుడి ఎటు బాబూ?" అని ఆటోవాణ్ణి అడిగే యాత్రికులు అక్కడ కొత్తేమీ కాదు. ఆటోవాడు నవ్వడు. రోజూ నవ్వితే నోరు నొప్పి పుడుతుంది. బస్టాండు వైపు చెయ్యి చూపిస్తాడు.

2024 ఆగస్టులో కేంద్రం ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి పాండురంగాపురానికి భద్రాచలం మీదుగా కొత్త లైను మంజూరు చేసింది. 173 కిలోమీటర్ల పైచిలుకు. మూడు రాష్ట్రాల నేల మీద నడుస్తుంది కాబట్టి మూడు రాష్ట్రాల సంతకాలు కావాలి. అయినా కబురు తెలిసిన సాయంత్రం కరకట్ట మీద పండగే. స్టేషను ఎక్కడ వస్తుంది, బద్ద మీద ఎన్నో అడుగు దగ్గర వస్తుంది, ప్లాట్‌ఫారం మునుగుతుందా తేలుతుందా అని బాబాయి లెక్కలు వేశాడు. పాడేరు వెళ్ళొచ్చిన ఎటపాక పెద్దమనిషి ఒకాయన, స్టేషను ఇటు కడితే టికెట్ కౌంటరు అటు పెడతారేమోనని భయపడ్డాడు. ఇంతలో ఎవరో అసలు ప్రశ్న వేశారు.

"స్టేషనుకు పేరేం పెడతారు బాబాయ్? భద్రాచలం రోడ్ అని ఆల్రెడీ కొత్తగూడేనికి ఇచ్చేశారుగా."

బాబాయి గ్లాసు కింద పెట్టి, నది వైపు ఓసారి చూసి అన్నాడు. "ఇంకేం పెడతారు? కొత్తగూడెం రోడ్."